ఖాతరు చేయనివాడూ, పట్టించుకోనివాడూ

పరీక్ష పేపర్లు దిద్దడం అధ్యాపకుడికి శిక్షే గాని, విమర్శకుడికి అప్పుడప్పుడూ లాభిస్తుంది. మొన్నటి సంవత్సరం మా కాలేజీలో డిగ్రీ విద్యార్థులకు గిరీశం స్వభావాన్ని వివరించమని ప్రశ్న ఇచ్చాను. సగానికి పైగా పేపర్లలో గిరీశం "నిర్లక్ష్యపరుడు" అని ఉంది. గైడు పుస్తకంలో ఉండి ఉంటుంది. నేనూ పెద్దగా ఆలోచించకుండానే మార్కులు వేసుకుంటూ పోయాను. ఒక అమ్మాయి మాత్రం ఇలా రాసింది: "గిరీశం దేన్నీ ఖాతరు చెయ్యడు, కాని అన్నీ పట్టించుకుంటాడు." నా ఎర్ర కలం అక్కడ ఆగిపోయింది.

ఆ వాక్యం ఎంత నిజమో "కన్యాశుల్కం" చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. అప్పులవాళ్ళను, పూటకూళ్ళమ్మను, ఊరి పెద్దలను, ఆచారాలను అతను ఖాతరు చెయ్యడు. కాని ఎవరి దగ్గర ఎంత డబ్బుంది, ఏ ఇంట్లో ఏ గొడవ ఉంది, ఎవరి బలహీనత ఏది అన్నది అతనికి పట్టినంతగా ఆ నాటకంలో మరెవరికీ పట్టలేదు. అలాంటివాణ్ణి నిర్లక్ష్యపరుడు అనడం అన్యాయం. నిశ్చింతాపరుడు అనడానికీ వీల్లేదు. అతనికున్నది ధీమా. నిశ్చింతగా ఉండాలంటే వెనుక ఏదో ఆస్తి ఉండాలి. ధీమాకు నోరుంటే చాలు. వెనుక ఏమీ లేనప్పుడు మనిషి పెట్టుబడిగా పెట్టేది దాన్నే. 1892లో మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో గురజాడ పూర్తిగా తిరగరాసిన ఆ నాటకం మీద మన విమర్శ ఎంతో పెరిగింది. అయినా ఈ మూడు మాటల మధ్య తేడా చూపించే పని ఒక విద్యార్థిని చేతికి వచ్చింది. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదనుకోండి.

అప్పటినుంచి "లెక్కలేనితనం" అనే భావం చుట్టూ తెలుగులో ఉన్న మాటలను ఏరుకోవడం మొదలుపెట్టాను. ఎన్నో ఉన్నాయి: నిర్లక్ష్యం, అలక్ష్యం, ఉపేక్ష, ఉదాసీనత, నిర్లిప్తత, నిశ్చింత, అశ్రద్ధ, ఏమరుపాటు, పరాకు, ధీమా, నిబ్బరం, బేఖాతరు, ఫికరు లేకపోవడం, పట్టనితనం, లెక్కచేయకపోవడం, సరకుగొనకపోవడం. మన నిఘంటువులు వీటిలో చాలావాటిని ఒకదానికొకటి అర్థంగా ఇచ్చి చేతులు దులుపుకున్నాయి. కాని వాడుక అలా దులుపుకోలేదు.

ముందు ఆ అమ్మాయి పట్టుకున్న తేడానే తీసుకుందాం. "కొడుకు తండ్రిని ఖాతరు చెయ్యడం లేదు" అంటాం. "కొడుకు తండ్రిని పట్టించుకోవడం లేదు" అని కూడా అంటాం. రెండూ ఒకటేనా? మొదటి వాక్యం వినగానే మనకు కనిపించే తండ్రి ఇంకా గట్టిగా ఉన్నాడు, ఇంటి పెత్తనం అతని చేతిలో ఉంది, కొడుకు ఎదురు తిరిగాడు. రెండో వాక్యంలో తండ్రి ముసలివాడైపోయాడు. మంచం మీద ఉన్నాడో, పింఛను కోసం ఎదురు చూస్తున్నాడో, మొత్తానికి అతనికి కొడుకు అవసరం వచ్చింది. తండ్రి అతనే, కొడుకూ అతనే. మధ్యలో అధికారం చేతులు మారింది. ఆ మార్పును కొలవడానికి మన భాష క్రియను మార్చుకుంది.

ఇది తండ్రీ కొడుకుల దగ్గర ఆగదు. ఆజ్ఞను ఖాతరు చేయరు, నిషేధాన్ని ఖాతరు చేయరు, లాఠీలను ఖాతరు చేయరు. కౌలుదారును, విధవరాలిని, కాలువ చివరి శివారు రైతును పట్టించుకోరు. "భూస్వామి కూలివాళ్ళను ఖాతరు చేయలేదు" అనండి, వాక్యం ఎక్కడో తేలిపోతుంది. అదే వాళ్ళు సమ్మె కట్టారని ముందు ఒక ముక్క చేర్చండి, వెంటనే నిలబడుతుంది! ఖాతరు చూపు కింది నుంచి పైకి. పట్టింపు చూపు పై నుంచి కిందికి. కాబట్టి ఖాతరు చేయకపోవడానికి తెగువ కావాలి. పట్టించుకోకపోవడానికి సౌకర్యం ఉంటే చాలు.

ఈ సూత్రాన్ని మా స్టాఫ్ రూములో చెప్పినప్పుడు ఒక మిత్రుడు అడ్డుపడ్డాడు. "కూలీలు ఎండను ఖాతరు చేయకుండా నాట్లు వేశారంటాం కదా, ఎండకేం అధికారం?" అన్నాడు. నాకైతే ఆ ఉదాహరణ నా పక్షానే కనిపించింది. మన కృష్ణా జిల్లా ఎండ కింద వంగిన నడుముతో నిలబడ్డవారికి ఎండకున్న అధికారం తెలుసు. "మరి ధనవంతుడు చట్టాన్ని బేఖాతరు చేశాడంటారే?" అన్నది రెండో అభ్యంతరం. అక్కడ మాట చట్టాన్ని గౌరవిస్తోంది, మనిషిని కాదు. చట్టం అతనికి పైన ఉండాలన్న ఆశ ఆ క్రియలో మిగిలి ఉంది. పెళ్ళివిందులో సమానుణ్ణి గురించి "నన్ను పట్టించుకోలేదు" అని నిష్ఠూరమాడేవాళ్ళున్నారు గదా అంటే, అవును, ఆ క్షణానికి వాళ్ళు తమను తాము ఒక మెట్టు కింద పెట్టుకున్నారు. నిష్ఠూరానికి ఆ మెట్టు అవసరం. అన్నిచోట్లా ఈ కొలత అతుకుతుందని పంతం పట్టను. కాని అతికినన్ని చోట్ల గట్టిగానే అతుకుతుంది.

ఖాతరు మన నేల మీద పుట్టిన మాట కాదు. అరబ్బీలో "ఖాతిర్" అంటే మనస్సు, తలపు; ఆ తర్వాత మన్నన. ఫర్వా పారశీకం, ఫికరు అరబ్బీ. గోల్కొండ ప్రభువులకు మచిలీపట్నం ముఖ్యమైన రేవుగా ఉన్న కాలం నుంచి, 1759లో ఇంగ్లీషువాళ్ళు ఆ పట్నాన్ని పట్టుకుని, 1766 ఒడంబడికతో ఉత్తర సర్కారులు కుంపిణీ కిందికి వచ్చాక కూడా, దివాణం భాషలో ఈ మాటలు తిరుగాడాయి. తహసీలు, జమాబందీ, దరఖాస్తు వచ్చిన దారినే ఇవీ వచ్చాయి. విశేషమేమిటంటే దరఖాస్తు దరఖాస్తుగానే మిగిలింది. ఖాతరు మాత్రం తెలుగులో ఎక్కువగా వ్యతిరేకార్థంలోనే బతికింది. "ఖాతరు చేశాడు" అన్నవాణ్ణి నేను చాలా అరుదుగా విన్నాను. "చేయలేదు" అన్నవాళ్ళను రోజూ వింటాం. పైవాడు మన్నన కోరి తెచ్చిన మాటను కిందివాడు నిరాకరణకు వాడుకున్నాడని చెప్పాలనిపిస్తుంది. అలా చెబితే వినడానికి బాగుంటుంది గాని, న్యాయానికి మరొకటి కూడా ఒప్పుకోవాలి: మన అచ్చ తెనుగు మాటలదీ ఇదే తీరు. ప్రాచీన కావ్యాల్లోని "సరకుగొనక", "సరకుసేయక" చూడండి. నేటి "లెక్కచేయక" చూడండి. సరకు, లెక్క: రెండూ అంగడి మాటలే. తూకానికి వచ్చేది, పద్దుకెక్కేది మాత్రమే మన్నించదగిందని అనుకున్న సమాజం నుంచి ఇవి వచ్చాయి. ప్రాణాన్ని లెక్కచేయనివాణ్ణి వీరుడని పొగిడేది కూడా, ఎవరూ కొట్టివేయలేని పద్దును అతను కొట్టివేశాడు కనుకనే.

పద్దుకెక్కనివాటి సంగతి వచ్చింది గనుక పోరంబోకు గురించి ఒక మాట. శిస్తు లేని, ఎవరి పట్టాలోనూ లేని భూమి పోరంబోకు. ఏ పనీ లేక చీకూచింతా లేకుండా ఊరు తిరిగేవాడూ పోరంబోకే. పన్ను కట్టని నేలకూ పని చేయని మనిషికీ రెవిన్యూ భాష ఒకే పేరు పెట్టింది. కాని డెల్టాలో అందరు తిరుగుబోతులూ పోరంబోకులు కారు. ముప్ఫై ఎకరాల మాగాణి ఉన్న ఇంటి అబ్బాయి బెజవాడలో సినిమాలు చూస్తూ, కాఫీ హోటళ్ళలో కూర్చుంటే "సరదా మనిషి", "దర్జాగా తిరుగుతాడు" అన్నారు. అదే పని పాలేరు కొడుకు చేస్తే జులాయి, బలాదూరు అన్నారు. తిరిగిన వీధి ఒకటే, మాటలు మాత్రం వేరు.

ఆ సరదా మనిషికి చివరికి ఏమవుతుందో గోపీచంద్ చూపించాడు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్ళతో కలిగినవాళ్ళైన కుటుంబాలు, ఆ కుటుంబాల పేరుప్రతిష్ఠలు, ఆ ప్రతిష్ఠల బరువు కింద నలిగే చదువుకున్న కొడుకులు: ఇదంతా గుడివాడ దగ్గర అంగలూరులో 1910లో పుట్టిన గోపీచంద్ ఎరిగిన లోకం. 1947లో వచ్చిన "అసమర్థుని జీవయాత్ర"లోని సీతారామారావును మన విమర్శకులు రకరకాలుగా పిలిచారు: పలాయనవాది అన్నారు, నిర్లిప్తుడన్నారు, ఉదాసీనుడన్నారు. పలాయనం సంగతి ఒప్పుకుంటాను. నిర్లిప్తత మాత్రం ఒప్పుకోను. నిర్లిప్తుడంటే ఏదీ అంటనివాడు. సీతారామారావుకు అన్నీ అంటుకున్నాయి. వంశ ప్రతిష్ఠ అంటుకుంది, లోకం ఏమనుకుంటుందో అన్న భయం అంటుకుంది, తనమీద తనకున్న జాలి అన్నింటికన్నా గట్టిగా అంటుకుంది. ఆస్తి ఉన్నప్పుడు డబ్బును లెక్కచేయకపోవడం అతనికి ఔదార్యంగా కనిపించింది. ఆస్తి పోయాక అదే లెక్కలేనితనం మనుషుల మీదికి మళ్ళింది. దానికి తత్వశాస్త్రం తొడుగు తొడిగాడు. లోకాన్ని తృణీకరించే మనిషి లోకం వైపు ఎంత ఆత్రంగా చూస్తుంటాడో ఆ నవలలో పేజీ పేజీకీ తెలుస్తుంది. నా దృష్టిలో అతనిది నిర్లక్ష్య నటన. నటనకు ప్రేక్షకులు కరువైనప్పుడు అతను శ్మశానానికి చేరాడు. ఉదాసీనుడే అయితే హాయిగా బతికి ఉండేవాడు.

"ఉదాసీనుడు" అన్న మాట వాడేటప్పుడు దాని కులగోత్రాలు కొంచెం తెలుసుకోవాలి. పైన, ఎడంగా కూర్చున్నవాడని దానికి మూలార్థం. కౌటిల్యుడి రాజమండలంలో ఉదాసీనుడు పనికిమాలినవాడు కాదు. తగాదాకు బయట ఉన్న రాజు, అందరికంటే బలవంతుడు. ఎవరికి సాయం చేయాలన్నా, ఎవరిని అణచాలన్నా అతనికి సాధ్యమే. అలాంటివాడు ఊరుకున్నాడంటే ఆ ఊరుకోవడం కూడా ఒక చర్యే. దివాలా తీసిన సీతారామారావుకు ఆ బిరుదు ఎలా అతుకుతుంది?

ఉపేక్షకు ఇంతకంటే పెద్ద చరిత్ర ఉంది. ఘంటసాల, జగ్గయ్యపేట, భట్టిప్రోలు స్తూపాల చుట్టూ బౌద్ధం వర్ధిల్లిన ప్రాంతం మనది. బౌద్ధులకు మైత్రి, కరుణ, ముదిత తర్వాత నాలుగో సద్గుణం ఉపేక్ష. యోగసూత్రాల్లోనూ ఈ నాలుగూ అదే వరుసలో ఉన్నాయి. ఇష్టానిష్టాలు కలవరపెట్టని సమచిత్తం అది. బుద్ధఘోషుడు "విశుద్ధిమగ్గం"లో చాలా సూక్ష్మమైన విషయం చెప్పాడు: ఉపేక్షకు దూరపు శత్రువులు రాగద్వేషాలైతే, దగ్గరి శత్రువు అజ్ఞానంవల్ల కలిగే ఉపేక్ష. అంటే తెలియనితనంవల్ల చలించని మనిషి, చూడడానికి సమచిత్తుడిలాగే ఉంటాడు. ఇప్పటి తెలుగులో ఉపేక్ష అన్న మాట నిండా ఆ దగ్గరి శత్రువే కాపురం ఉంది. అసలు గుణం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

ఎప్పుడు వెళ్ళిందో చెప్పలేను గాని, పదమూడో శతాబ్దంలో తిక్కన నాటికే ఆ మాట నిందగా వాడుకలో ఉంది. ఉద్యోగపర్వంలో రాయబారానికి వచ్చిన కృష్ణుడు కౌరవసభలో చెప్పే సంగతి మనవాళ్ళందరికీ కంఠతా వచ్చు: ధర్మం, సత్యం చెడిపోతుంటే ఆపగలిగినవాళ్ళు ఊరుకుంటే ఆ చేటు వాళ్ళదేనని. ఇక్కడ నేను చూడమనేది ఆ పద్యంలోని ఒక్క మాటను. ఉపేక్ష చేసినవాళ్ళను తిక్కన "దక్షులు" అన్నాడు. చేతకానివాళ్ళు ఊరుకుంటే దాన్ని ఉపేక్ష అనలేదు. భీష్ముడు, ద్రోణుడు కూర్చున్న సభ అది. ఉపేక్ష నేరం కావాలంటే ముందు సామర్థ్యం ఉండాలన్న ఈ షరతును మన నీతిగ్రంథాలు తర్వాత మరిచిపోయి, పేదవాడికి కూడా ఆ నేరం అంటగట్టాయి.

దీనికి సాక్ష్యంగా రెండు సామెతలు చెప్తాను. రెండింటిలోనూ నీళ్ళే. "తామరాకు మీద నీటిబొట్టు" ఒకటి, "దున్నపోతు మీద వాన కురిసినట్టు" ఇంకొకటి. రెండింటిలోనూ నీళ్ళు పడతాయి, లోపలికి దిగవు. మొదటిది గీతలో ఉంది, వేదాంతులకు చెల్లింది. రెండోది ఎవరికి చెల్లిందో వేరే చెప్పాలా? ఒకే చలించనితనం చదువుకున్నవాడి పట్ల నిర్లిప్తత అయింది. పొలంలో తిట్లు తింటూ తలవంచుకుని పని చేసేవాడి పట్ల పశుత్వమైంది. పైగా ఈ సామెత చెప్పేవాడు వసారాలో నుంచుని చెప్తున్నాడు. వానలో దున్నపోతుకు హాయిగా ఉంటుందన్న సంగతి వసారాలో ఉన్నవాడికి తెలియదు. తిట్లకు చలించని కూలిమనిషి గురించి అతని వాడలో "నిబ్బరంగా ఉన్నాడు" అంటారు. దొడ్డిగడపలో నుంచున్న యజమాని "మొద్దుబారిపోయాడు" అంటాడు. ఇద్దరూ చూస్తున్నది ఒకే మొహాన్ని.

"పరాకు" గురించి కొంచెం చెప్పి అసలు విషయానికి వస్తాను. మచిలీపట్నంలో కొంతకాలం ఉద్యోగం చేసిన బ్రౌను నిఘంటువులో కూడా ఈ మాటకు రెండు ముఖాలూ ఉన్నాయి. పరాకుగా ఉన్నాడంటే ధ్యాస లేకుండా ఉన్నాడని. వంది మాగధులు "పరాకు" అని అరిచారంటే జాగ్రత్త అని! ప్రభువు పరాకుగా ఉంటాడు గనుక పరాకు అని అరవవలసి వచ్చిందేమోనని మా క్లాసులో ఒకడు నవ్వించాడు. వ్యుత్పత్తిగా అది నిలవకపోవచ్చు గాని హాస్యంగా నిలుస్తుంది.

ఇక నిర్లక్ష్యం. ఈ వ్యాసం రాయడానికి నిజమైన కారణం ఈ మాటే. సంస్కృతంలో "అలక్ష్యం" అంటే కంటికి ఆననిది. ఆ గుణం చూడబడే వస్తువుది. తెలుగులో అలక్ష్యమైనా, దాని తోడబుట్టిన నిర్లక్ష్యమైనా చూడనివాడి దోషం. ఇంతవరకు మనవాళ్ళు చేసిన మార్పు మంచిదే. కాని పత్రికల్లో, నివేదికల్లో ఆ దోషం మళ్ళీ చూడనివాడి మీదనుంచి జారిపోయింది. "నిర్లక్ష్యం జరిగింది", "నిర్లక్ష్యం చోటు చేసుకుంది", "నిర్లక్ష్యం కారణంగా" అంటారు. వాన పడినట్టు, తెల్లవారినట్టు నిర్లక్ష్యం దానంతటదే జరుగుతుంది! వ్యాకరణంలో కర్త లేడు, కాబట్టి విచారణలోనూ దొరకడు. అచ్చ తెనుగు క్రియకు ఈ సదుపాయం తక్కువ. "పట్టించుకోలేదు" అనగానే "ఎవరు?" అని ఎదుటివాడు అడుగుతాడు. పట్టు, దానికి ప్రేరణ, దాని మీద "కొను": ఒక విషయం తనను పట్టుకొనేటట్లు తాను చేసుకోవడం. అందులో మనిషి రెండుసార్లు ఉన్నాడు. తప్పించుకోవడం కష్టం.

మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలాది మందిని ఈడ్చుకుపోయిన రోజు గురించి ఆమె చెప్పగా చిన్నప్పటినుంచి విన్నాను. ఆమె నోట నిర్లక్ష్యం అన్న మాట ఎన్నడూ వినలేదు. "ముందే ఎవరన్నా వచ్చి చెప్పొద్దా? ఎవరికి పట్టిందిరా?" అనేది. చదువు రాని మనిషి గనుక ఆమెకు సంస్కృత నామవాచకం చేతకాలేదని అనవచ్చు. నేను మాత్రం ఆ "ఎవరికి"ని వదులుకోలేను. ఆమె తర్వాత మాట "ఫర్వాలేదులే, బతికాం" అని. ఈ "ఫర్వాలేదు"ను గురించి ఇంకొక వ్యాసం రాయాలి. కాలు తొక్కించుకున్నవాడు అంటే అది క్షమ, తొక్కినవాడు అంటే పొగరు. మాట ఒకటే, ఎవరి నోట వచ్చిందన్నదే అర్థాన్ని నిర్ణయిస్తుంది.

ఇది 1977తో తీరిపోయిన సంగతి కాదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ మొదలైన పేటలు నీట మునిగినప్పుడు బెజవాడలో ఉన్నవాళ్ళమే మనమంతా. ఆ తర్వాత కొన్ని వారాలు పత్రికల నిండా ఈ కర్త లేని నామవాచకమే. కాలేజీ తెరిచాక నేను బోర్డు మీద ఒక వాక్యం రాశాను: "నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగింది." దీన్ని "పట్టించుకోకపోవడం" అనే క్రియతో తిరగరాయమన్నాను. వ్యాకరణ అభ్యాసం అన్నాను, వాళ్ళు నమ్మలేదు. అందరూ కర్త దగ్గర ఆగారు. కొందరు ప్రభుత్వాలు అని బహువచనంలో రాశారు. కొందరు పై ఊళ్ళ అధికారులు అన్నారు. ఏటి దారిలో ప్లాట్లు వేసి అమ్మినవాళ్ళు అని ఇద్దరు రాశారు. గిరీశం మీద ఆ వాక్యం రాసిన అమ్మాయి "వీళ్ళు పట్టించుకోలేదు, వాళ్ళు ఖాతరు చేయలేదు" అని రెండు క్రియలూ వాడి, ఎవరు ఏదో విడదీసి చూపించింది. వెనక బెంచీ కుర్రాడొకడు మాత్రం "మేము" అని రాశాడు. వాళ్ళ ఇల్లు బుడమేరు గట్టుమీదే ఉందట.

మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. మరెక్కడా జాగా దొరకక గట్టుమీద ఇల్లు వేసుకున్నవాడిది నిర్లక్ష్యం ఎలా అవుతుందని వాదించారు. దానికి వేరే మాట ఉండాలన్నారు. ఏం మాట అంటే ఎవరికీ తోచలేదు. గంట కొట్టేశారు. బోర్డు మీద కర్త చోట నేను గీసిన గీత అలాగే ఉండగా తర్వాతి క్లాసుకు లెక్కల మాస్టారు వచ్చేశారు.